ఏరు దాటేది చూద్దామా, దూడలు పుట్టేది చూద్దామా: పిల్లలతో మైగ్రేషన్ సఫారీకి ఎప్పుడు, ఎటు

ఆఫ్రికా సఫారీ అనగానే అందరికీ ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. మారా నది ఒడ్డు, దుమ్ము, వేల విల్డెబీస్ట్‌లు ఒకదాని మీద ఒకటి పడి నీళ్ళలోకి దూకడం, కింద మొసలి. ఫోన్లో అది నాలుగు నిమిషాల వీడియో. మా ఇంట్లో కూడా కథ ఆ నాలుగు నిమిషాల దగ్గరే మొదలైంది. ఆ మోజులో ఒకసారి దసరా సెలవుల్లో కెన్యాలోని మసాయి మారాకి వెళ్ళాం, అప్పటికి అబ్బాయికి పదేళ్ళు, పాపకి ఆరు. రెండేళ్ళ తర్వాత ఫిబ్రవరిలో టాంజానియా వైపు, సెరెంగెటీ దక్షిణ మైదానాలకి వెళ్ళాం. ఇప్పుడు ఎవరైనా "మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఏది బెటర్?" అంటే నేను ముందు అడిగేది బడ్జెట్ కాదు, మీ చిన్నోడి వయసెంత అని.

ఎందుకంటే నా అభిప్రాయం సూటిగా ఇదీ: పదేళ్ళలోపు పిల్లలుంటే నది కోసం అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళకండి, విల్డెబీస్ట్‌లు ఈనే కాలానికి వెళ్ళండి. పిల్లలు పెద్దవాళ్ళయితే, ఓపిక ఉంటే, అప్పుడు నది. దీనికి ఒప్పుకోని వాళ్ళు చాలామంది ఉంటారు, పర్లేదు.

ముందు ఒక మాట. మన పేపర్లలో విల్డెబీస్ట్‌లని "అడవి దున్నలు" అని రాసేస్తుంటారు, కానీ ఇవి దున్నలు కావు, జింకల్లో ఒక రకం, చూడ్డానికే ఆవు మొహం పెట్టుకున్నట్టుంటాయి. స్వాహిలీలో న్యుంబు అంటారు. చాలాకాలంగా చెప్పే లెక్క ప్రకారం ఇవి 13 లక్షల దాకా ఉంటాయి, వీటితో పాటు 2 లక్షలకు పైగా జీబ్రాలు, ఇంకా గజెల్ జింకలు. ఇవన్నీ వానని, పచ్చిక మేతని వెతుక్కుంటూ ఏడాది పొడవునా సెరెంగెటీ, మారా కలిసిన ప్రాంతంలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి "మైగ్రేషన్ సీజన్ ఎప్పుడు?" అనే ప్రశ్నకి సమాధానం లేదు. మీకు సెలవులున్నప్పుడు మంద ఎక్కడుంటుంది అన్నదే ప్రశ్న.

మన సెలవులకి ఏది దొరుకుతుంది

దసరా సెలవులంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో. ఆ టైముకి మందలో పెద్ద భాగం మారా నదికి అటూ ఇటూ ఉంటుంది, అంటే కెన్యా మారాలో గానీ, సరిహద్దుకి ఇవతల సెరెంగెటీ ఉత్తర భాగంలో గానీ. నది దాటేది చూడాలంటే జూలై చివరి నుంచి అక్టోబర్ దాకా అవకాశం, ఆగస్టు, సెప్టెంబర్ నెలలు ఇంకా మంచివి. ఇండియాలో బడికెళ్ళే పిల్లలకి దసరా ఒక్కటే సరిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి జూలై, ఆగస్టు చేతిలో ఉంటాయి కాబట్టి వాళ్ళకి ఈ గొడవ లేదు, కాకపోతే సగం ప్రపంచం అప్పుడే వస్తుంది.

సంక్రాంతి కొంచెంలో తప్పిపోతుంది. జనవరి రెండో వారానికి మంద సెరెంగెటీ దక్షిణ అంచున ఉన్న న్డూటు చుట్టుపక్కలకి చేరుకుంటూ ఉంటుంది, కానీ ఎక్కువ భాగం నిండు చూలుతో ఉంటాయి. ఈతలు జోరందుకునేది జనవరి చివర, ఫిబ్రవరిలో. అంటే బడికి సెలవు పెట్టించాలి. ఒకటి నుంచి ఏడు, ఎనిమిది తరగతుల దాకా ఐతే ఒక వారం మానేసినా కొంప మునిగిపోదు, క్లాస్ టీచర్‌తో మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది. టెన్త్, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో మాత్రం ఫిబ్రవరి మాటే ఎత్తకండి.

వేసవి సెలవులు చాలా ఉంటాయి కదా అని ఏప్రిల్, మే వైపు చూస్తారు, అక్కడ అది పెద్ద వానల కాలం. నేల చాలా చోట్ల మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే జీపు చక్రాలు ఎలా కూరుకుపోతాయో రైతు ఇళ్ళలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. తెరిచినవాటి రేట్లు బాగా తగ్గుతాయి, అది నిజమే. కానీ బళ్ళు తెరిచే ముందు, జూన్ మొదటి వారం మీద ఒక కన్నేయండి. అప్పుడు మహామంద సెరెంగెటీ పడమటి వైపు గ్రుమెటి నది దగ్గర ఉంటుంది, మారాలో ఉండదు. అయినా మారాలో సింహాలు, ఏనుగులు, చీటాలు, జిరాఫీలు ఎక్కడికీ పోవు, అవి ఏడాదంతా అక్కడే. గేటు ఫీజు సగమే. "మాకు మంద కాదు, పిల్లలు సింహాన్ని చూస్తే చాలు" అనే ఇంటికి ఇది మంచి బేరం.

నది దగ్గర మా మూడు గంటలు

మారాలో మా రెండో రోజు. పొద్దున్న తొమ్మిదికి ఒక రేవు దగ్గరికి వెళ్ళేసరికి అవతలి ఒడ్డున మంద పోగవుతోంది, గైడు ఇంజన్ ఆపేశాడు. వందలు వేలయ్యాయి. ముందున్న ఒక జీబ్రా మెల్లగా దిగి, మూతి నీళ్ళలో పెట్టి, ఏమనిపించిందో ఏమో ఒక్కసారి వెనక్కి ఉలిక్కిపడింది, అంతే, వెనకున్న మొత్తం గుంపు దుమ్ము రేపుకుంటూ గట్టెక్కేసింది. అరగంట తర్వాత మళ్ళీ అదే తంతు. మొత్తం నాలుగుసార్లు. వీటికి నాయకుడంటూ ఎవరూ లేరు, ఎవరు ముందు దిగితే వాళ్ళ వెనకే మిగతావి, ఎవరూ దిగకపోతే ఎవరూ దిగరు. పన్నెండయ్యేసరికి పాప నా ఒళ్ళో నిద్రపోయింది, అబ్బాయి టాబ్ అడగడం మొదలుపెట్టాడు, మా చుట్టూ బండ్లు ముప్పైకి పైగా ఉన్నాయి, ఎండ నడినెత్తి మీద. లంచ్‌కి వెనక్కి తిరిగాం. ఆ సాయంత్రం పక్క టేబుల్ వాళ్ళు చెప్పారు, మేం వెళ్ళిన నలభై నిమిషాలకి దాటాయట.

మరుసటి రోజు మాకూ దొరికింది, వేరే రేవులో, చిన్న గుంపు, పది నిమిషాల్లో అయిపోయింది. అద్భుతమే, కాదనను. ఆ చప్పుడు వీడియోలో రాదు, నీళ్ళ హోరు మీద వేల గొంతులు ఒకటే గురగుర. కానీ ఒక దూడ తల్లి నుంచి తప్పిపోయి ఒడ్డున అటూ ఇటూ పరిగెడుతుంటే ఆరేళ్ళ పిల్ల ఏడుపు ఆపడానికి మాకు ఆ రోజంతా పట్టింది. మేం ఉన్న మూడు రోజుల్లో ఒకటి దొరికింది, నాలుగు రోజులుండి ఒక్కటీ చూడని వాళ్ళూ ఉన్నారు. ఏ ఏజెంటైనా "క్రాసింగ్ గ్యారంటీ" అన్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

నదే కావాలనుకుంటే కెన్యా వైపా, టాంజానియా వైపా? నది ఒకటే, రెండు దేశాల్లోనూ పారుతుంది. మసాయి మారా రిజర్వ్ దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లు, సెరెంగెటీ దాదాపు 14,800. చిన్న చోట జనం ఎక్కువ కాబట్టి మారాలో బండ్ల రద్దీ తప్పదు. సెరెంగెటీ ఉత్తరాన కొగాటెండె వైపు కాస్త ప్రశాంతం. కానీ అక్కడికి టాంజానియాలోని అరూషా నగరం నుంచి చిన్న విమానంలో వెళ్ళాలి, లేదా రోడ్డు మీద దారిలో ఆగుతూ రెండు రోజులు. మారాకి నైరోబీ నుంచి నారోక్ మీదుగా ఐదారు గంటల్లో రోడ్డున చేరొచ్చు, దారిలో రిఫ్ట్ లోయ కనిపించే చోట ఆగి టీ తాగొచ్చు. చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగు, చక్రాల సూట్‌కేసు ఎక్కించరు. పిల్లలతో మొదటిసారి, డబ్బు చూసుకోవాలి అంటే నేను మారానే చెబుతాను. రిజర్వ్‌కి పడమటి భాగమైన మారా ట్రయాంగిల్ వైపు ఉండగలిగితే ఇంకా మేలు. రిజర్వ్ చుట్టూ స్థానిక మసాయిల భూముల్లో ఉన్న కన్సర్వెన్సీల్లో, అంటే విడి రక్షిత ప్రాంతాల్లో, బండ్ల సంఖ్య మీద పరిమితి ఉంటుంది, రాత్రి సఫారీ కూడా ఉంటుంది, కాకపోతే ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, పైగా చాలా క్యాంపుల్లో చిన్నపిల్లల్ని రానివ్వరు.

రెండూ ఒకే ట్రిప్పులో చేసేద్దాం అనుకోకండి. మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ మారా నుంచి సెరెంగెటీలోకి నేరుగా టూరిస్టు దారి లేదు. ఇసెబానియా సరిహద్దు దాకా చుట్టూ తిరిగి వెళ్ళాలి, ఒక రోజు దానికే సమర్పయామి. అనుమతులూ రెండు, కెన్యాకి ఆన్‌లైన్‌లో తీసుకునే ఈటీఏ, టాంజానియాకి వీసా. కెన్యా, ఉగాండా, రువాండాలకి కలిపి ఇచ్చే వీసాలో టాంజానియా లేదు.

న్డూటులో ఆరు నిమిషాలు

ఇప్పుడు నాకు నచ్చిన దాని గురించి. న్డూటు అనేది న్గొరొంగొరొ రక్షిత ప్రాంతంలో, సెరెంగెటీ దక్షిణ అంచున ఉంటుంది. పక్కనున్న అగ్నిపర్వతాల బూడిద పడి పడి ఏర్పడిన నేల, దాంట్లో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, గడ్డి పొట్టిగా ఉంటుంది. పాలిచ్చే తల్లులకి ఆ మేత కావాలి, పొట్టి గడ్డిలో పొంచి ఉన్న మృగం దూరం నుంచే కనిపించడం ఇంకో లాభం. అందుకే లక్షల విల్డెబీస్ట్‌లు ఇక్కడికే వచ్చి ఈనుతాయి, అదీ చాలా భాగం మూడు వారాల్లోపే. ఒకేసారి అన్ని దూడలు పుడితే సింహాలూ హైనాలూ తినగలిగినన్ని తిన్నా మిగిలేవి ఎక్కువే, అదీ లెక్క.

మా గైడు ఒక ఆడదాన్ని చూపించాడు, మందకి కాస్త ఎడంగా నిలబడి ఉంది, వెనక రెండు చిన్న గిట్టలు అప్పటికే బయటికొచ్చాయి. అది పడుకుంటుంది, లేస్తుంది, రెండడుగులు వేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. ఇంతలో జారి పడింది దూడ, తడితడిగా, మెరుస్తూ. తల్లి నాకడం మొదలుపెట్టింది. దూడ మొదట వెనక కాళ్ళు నిలబెట్టింది, ముందుకి బోర్లా పడింది. మళ్ళీ లేచింది, పక్కకి పడింది. మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు, గట్టిగా లెక్కపెడుతోంది, ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి నిలబడింది. అబ్బాయి ఫోన్లో టైమర్ పెట్టాడు, ఆరు నిమిషాల చిల్లర. ఇంకో పది నిమిషాలకి తల్లి పక్కన తూలుతూనే పరిగెడుతోంది. టాబ్ అడిగినవాడు లేడు. ఇది ఆ పూట మూడుసార్లు చూశాం, వేరే వేరే తల్లుల దగ్గర. నదికీ దీనికీ తేడా అదే, ఇక్కడ ఎదురుచూపు తక్కువ. చుట్టూ కనుచూపు మేర మందే, బండి ఎటు తిప్పినా ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది. పైగా న్డూటు వైపు బండి దారి వదిలి గడ్డిలోకి దిగొచ్చు, సెరెంగెటీ పార్కులో, మారా రిజర్వ్‌లో అలా దిగడం నిషేధం.

ఇక్కడ చావు లేదని కాదు. ఆ దూడల కోసమే చీటాలు, హైనాలు కాచుకుని ఉంటాయి, మీరు చూస్తారు కూడా. మేం ఈసారి ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాం, చీటాకీ పిల్లలుంటాయి, అవీ తినాలి అని. గైడుకి కూడా చెప్పి పెట్టాం, వేట జరిగే చోటికి మరీ దగ్గరికి పోవద్దని. పోలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. అరూషా నుంచి న్డూటుకి ఒక్క రోజులో పోవాలంటే పిల్లలకి నరకం, మధ్యలో కరాటులో ఒక రాత్రి ఆగండి. మంద ఉన్నచోట ఈగలు ముఖం మీద వాలుతూనే ఉంటాయి. వాన ఆలస్యమైన ఏడాది మంద ఇంకెటో ఉండొచ్చు. క్యాంపులు ఎక్కువగా గుడారాలే, సీజన్‌కి వేసి తీసేసేవి, వేడినీళ్ళు అడిగితే బకెట్‌తో తెచ్చి పైన సంచిలో పోస్తారు, అదే షవర్. కంచె ఉండదు, రాత్రి భోజనానికి వెళ్ళాలంటే టార్చ్ పట్టుకున్న కాపలా మనిషి తోడు రావాలి, హైనా కూత గుడారం పక్కనే వినిపిస్తుంది. మా అబ్బాయికి అది పండగ, మా ఆవిడకి రెండు రాత్రులు నిద్ర లేదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి న్గొరొంగొరొ బిలం ఎలాగూ తగులుతుంది. పందొమ్మిది కిలోమీటర్ల వెడల్పున కూలిపోయిన అగ్నిపర్వతం, 600 మీటర్ల లోతున చదునైన నేల, అందులో సింహాలు, ఏనుగులు, అదృష్టం బాగుంటే నల్ల ఖడ్గమృగం. చిన్నపిల్లలతో ఇంతకన్నా మంచి చోటు లేదు, తక్కువ చోట ఎక్కువ జంతువులు, ఒక పూటలో అయిపోతుంది. జిరాఫీలు మాత్రం ఉండవు, నిటారు గోడలు దిగలేవు. అడుగున ఉన్న చెరువులో ఫ్లెమింగోలు ఉంటాయి, అయితే ఫ్లెమింగోల కోసమే ఐతే ఇంతదూరం ఎందుకు, చలికాలంలో సూళ్ళూరుపేట చాలు.

డబ్బులు ఎక్కడ పోతాయంటే

మారా గేటు ఫీజు విదేశీ పెద్దవాళ్ళకి జూలై నుంచి డిసెంబర్ దాకా రోజుకి 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100. తొమ్మిది నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి 50, తొమ్మిది లోపు ఉచితం. అంటే మా లాంటి నలుగురికి దసరాలో రోజుకి 450 డాలర్లు గేటు దగ్గరే పోతాయి, ఇంకా గది, తిండి, బండి మొదలుకాలేదు. టికెట్ పగటి 12 గంటలకే, కాబట్టి తిరిగి వెళ్ళే రోజు ఎన్నింటిలోపు గేటు దాటాలో ముందే కనుక్కోండి, లేకపోతే ఇంకో రోజు ఫీజు పడుతుంది.

సెరెంగెటీలో సీజన్‌లో పెద్దవాళ్ళకి పన్నుతో కలిపి 82.60 డాలర్లు, ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి 23.60. పార్కు లోపల రాత్రి ఉంటే దానికి వేరే. న్గొరొంగొరొ బిలంలోకి దిగితే బండికి 295. టాంజానియా ఫీజుల్లో చవకలా కనిపిస్తుంది, కానీ దూరాలు ఎక్కువ, రోజులు ఎక్కువ, బండి పెద్దది, చివరికి బిల్లు మారాని దాటుతుంది. మా రెండో ట్రిప్పు మొదటిదానికంటే ఎక్కువే అయింది. ఈ రేట్లు మారుతూ ఉంటాయి, బుక్ చేసే ముందు ఒకసారి సరిచూసుకోండి.

తగ్గించకూడని ఖర్చు ఒకటుంది, బండి. ముక్కూమొహం తెలియని వాళ్ళతో షేరింగ్ వ్యాన్ చవకే, కానీ ఆరేళ్ళ పిల్లకి గంటకోసారి బాత్రూమ్ అవసరం, అక్కడ బాత్రూమ్ అంటే గైడు అటూ ఇటూ చూసి "ఓకే" అన్నాక బండి వెనక చక్రం పక్కన. అవతల కెమెరాతో చిరుతపులి కోసం కాచుకున్న జర్మన్ జంటతో కలిసి ఈ పని పెట్టుకోకండి. సొంతంగా ఒక ల్యాండ్ క్రూజర్ తీసుకోండి, కావాలంటే హోటల్ ఒక మెట్టు తగ్గించుకోండి.

హోటల్ తగ్గించుకోవచ్చు గానీ దూరంలో మోసపోకండి. మారాకి మాకు బుక్ చేసిన ఏజెంటు "గేటు పక్కనే సార్" అన్నాడు, తీరా చూస్తే రాళ్ళ రోడ్డు మీద గంటన్నర. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండాలంటే నాలుగున్నరకి పిల్లల్ని లేపాలి. మిగతావాళ్ళు సింహం కూనల్ని చూసి టిఫిన్‌కి వెళ్తుంటే మేం అప్పుడు లోపలికి వెళ్తున్నాం. క్యాంపు పేరు మ్యాపులో పెట్టి గేటుకి ఎన్ని కిలోమీటర్లో మీరే కొలవండి, ఎవరి మాటా నమ్మకండి. ఒక్క కలిసొచ్చే విషయం, అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ ఐదున్నర అంటే పిల్లల ఒంటికి ఇంకా హైదరాబాద్ ఎనిమిదే, మొదటి మూడు రోజులు అలారం లేకుండానే లేస్తారు.

అమ్మానాన్నలు కూడా వస్తామంటే

ముందు డాక్టరు, తర్వాతే ఏజెంటు. ఎల్లో ఫీవర్ టీకా తీసుకోవాలి, కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కెన్యా మీదుగా టాంజానియా వెళ్ళినా అక్కడా అడగొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో ఐతే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటినవాళ్ళకి, గుడ్డు పడనివాళ్ళకి, తొమ్మిది నెలల లోపు పిల్లలకి ఈ టీకాతో చిక్కులున్నాయి, డాక్టరు వద్దంటే ట్రిప్పు ఆలోచనే మారిపోతుంది. మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడగండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ల్యాండ్ క్రూజర్ మెట్టు ఎత్తు, గతుకులు, గుడారాల క్యాంపు మూడూ కష్టమే, వాళ్ళు వస్తున్నారంటే మారాలో పక్కా గదులున్న లాడ్జి, నాలుగు రోజులు, చిన్న విమానం. అంతకుమించి లాగకండి.

తిండి గురించి పెద్దవాళ్ళకి టెన్షన్ ఉంటుంది, అవసరం లేదు. చపాతీని అక్కడా చపాతీ అనే అంటారు, ముందే చెబితే శాకాహారం చేసిపెడతారు. మధ్యాహ్నం ఇచ్చే డబ్బా మాత్రం విసుగొస్తుంది, ఉడికిన గుడ్డు, అరటిపండు, ఎండిపోయిన శాండ్‌విచ్, రోజూ అదే. మేం పులిహోర పొడి, ఆవకాయ తీసుకెళ్ళాం, స్టీలు డబ్బాల్లో. రెండు దేశాల్లోనూ ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, కిరాణా కవర్లలో చుట్టి సర్దకండి.

ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే, ముందు మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి వెళ్ళి రండి. హైదరాబాద్ నుంచి రైల్లో చంద్రపూర్, అక్కడి నుంచి దగ్గరే. పొద్దున సఫారీలో పిల్లలు నాలుగు గంటలు జిప్సీలో కూర్చోగలిగారా, పులి కనిపించకపోతే ఏం చేశారు, అదొక్కటి చూసుకోండి. గంటన్నరకే గొడవ మొదలైతే నది దగ్గర మూడు గంటలు కుదరదు, ఫిబ్రవరి దాకా ఆగండి, లేదా పిల్లలు పెరిగేదాకా.

సర్దేటప్పుడు రెండు విషయాలు. నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలు ఆ రంగుల మీదికే వస్తాయి, కుడితే జీన్స్ లోంచి కూడా తెలుస్తుంది. స్వెటర్లు మాత్రం తప్పనిసరి, ఆఫ్రికా అంటే ఎండే అనుకుని వెళ్ళి న్గొరొంగొరొ గట్టు మీద పొద్దున్నే పాప నా షర్టు చుట్టుకుని కూర్చుంది. బైనాక్యులర్స్ ఇద్దరు పిల్లలకీ విడివిడిగా కొనండి, చవకవైనా సరే. ఒక్కటే పట్టుకెళ్తే సింహం కన్నా పెద్ద యుద్ధం వెనక సీట్లో జరుగుతుంది.